ఎవరింటికీ వెళ్ళని కరెంటు

అంబత్తూరు ఎస్టేట్ వెనక మా యార్డు.
కత్తిరి ఎండల ఏడో రోజు.
రాత్రి పదిన్నరైనా కంకర
చెప్పుల అడుగునుంచి కాలుస్తూనే ఉంది.
సముద్రపు గాలి ఇవాళ కూడా
పాడి వంతెన దాటి రాలేదు.

ఒకటో నంబరు పాతది. నాకంటే పెద్దది.
బూడిదరంగు మీద బూడిదరంగు పూసీ పూసీ
రేడియేటర్ రెక్కలు మందమెక్కాయి.
కింది వాల్వు దగ్గర ఎప్పుడూ ఒక నూనెబొట్టు.
రాలదు, ఆరదు.

రెండోది పోయిన డిసెంబర్‌లో
హార్బరు నుంచి మూడు రాత్రులు నడిచి వచ్చింది,
తొంభై ఆరు చక్రాల మీద.
ముందు ఏలుమలై వెదురుగడతో
వీధి వీధికీ కేబుల్ వైర్లు ఎత్తి పట్టుకుంటూ,
ఊరేగింపులో దేవుడి కిరీటం తగలకుండా చూసేవాడిలా.

ఇవాళ రెంటినీ కలపాలి.
లోడ్ సెంటర్ నుంచి ఫోన్ల మీద ఫోన్లు:
ఊరంతా ఏసీలే, ఒక్కదాని వల్ల కాదు.

కలపడమంటే పక్కపక్కన నిలబెట్టడం కాదు.
నిష్పత్తి ఒకటే ఉండాలి.
ఎరుపుకి ఎరుపే ఎదురవ్వాలి,
పొరపాటున పసుపు తగిలితే
మాటలుండవు, మెరుపే.
రెండు గడియారాలూ ఒకే గంట కొట్టాలి.
ఇవన్నీ నెల కిందటే చూశాం, సంతకాలు పెట్టాం.

ఇక ఇంపీడెన్స్.
పాతదానికి పదకొండు పాయింట్ ఎనిమిది శాతం.
కొత్తదానికి పన్నెండున్నర.
ఆ తేడా ఏమిటో నాకు తెలుగులో చెప్పింది
రిటైరైపోయిన చెంగల్రాయుడు గారు
(స్టేషన్లో ఆ భాష మా ఇద్దరిదే):
"అడ్డం తక్కువ చెప్పేవాడి మీదే, పాపా,
బరువు ఎక్కువ పడతాది.
నేను చెప్పేది కాదు,
నేమ్‌ప్లేట్ మీద కొట్టి ఉండాది."
ఆ వారం వరసగా నాకది నాలుగో నైట్ డ్యూటీ.
నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

పదీ యాభైకి బ్రేకర్ వేశాను.
ఢమ్మని ఒకే దెబ్బ.
గ్యాంట్రీ మీది కాకులు లేచి,
తిట్టి, మళ్ళీ కూర్చున్నాయి.

పాతది రెండువందల డెబ్భై. కొత్తది రెండువందల ముప్ఫై మూడు.
ఊరికి వెళ్ళేది మాత్రం ఐదువందలే.
మూడు ఆంపియర్లు.
ఎవరైనా వదిలేస్తారు.
ఏలుమలై వదల్లేదు.
టార్చి పట్టుకుని కంకర మీద పరపరా నడిచి
కొత్తదాని ట్యాప్ పెట్టె అద్దంలోకి తొంగిచూసి
అక్కణ్ణించే అరిచాడు: "ఎట్టు, మేడమ్! ఎట్టు!"
నా ఎదుట కంట్రోల్ రూమ్ ముల్లు
నిమ్మళంగా తొమ్మిది చూపిస్తోంది.

పాతది తొమ్మిదిలో, కొత్తది ఎనిమిదిలో.
ఒక్క మెట్టు.
ఆ మెట్టు కోసం ఇరవై ఏడు ఆంపియర్లు
ఒకదానిలోంచి బయల్దేరి ఇంకోదానిలోకి దూరి
మళ్ళీ వెనక్కి వచ్చి తిరుగుతున్నాయి.
ఏ ఇంటి ఫ్యానూ తిప్పవు,
విల్లివాక్కంలో మా అమ్మ ఫ్రిజ్ దాకా పోవు.
ఊరికే నూనెని వేడి చేస్తాయి.
మీటింగుల్లో కూర్చున్నప్పుడు
నాకు ఈ కరెంటు పరిచయమే.

చేత్తోనే మెట్టెక్కించాడు ఏలుమలై.
గేర్ మూలిగింది, తొమ్మిదిలో కూర్చుంది.
రెండువందల యాభై ఏడు, రెండువందల నలభై మూడు.
కూడితే ఇప్పుడు ఐదువందలు.

సమానం కాదు. కాబోదు.
ఆ పద్నాలుగు ఆంపియర్ల తేడాని
ఏ ట్యాపూ మార్చలేదు.
అది లోపల రాగి చుట్టినప్పుడే
రాసిపెట్టిన రాత.

పన్నెండుకి ఇన్నాసి ఫోను.
బావమరిదికి ఒంట్లో బాలేదట,
రేపటి రాత్రి కూడా నేనే చూసుకోవాలట.
నోట్లో 'సరే' ఎప్పట్లాగే తయారుగా ఉంది.
కిటికీలోంచి పాతదాని వైపు చూస్తూ ఉండిపోయాను.
"లైన్లో ఉన్నారా మేడమ్?"
ఉన్నాను, ఇన్నాసీ.
ఆలోచించి చెబుతాను.

పన్నెండూ పది. లాగ్‌బుక్:
ఒకటో నంబరు నూనె డెబ్భై రెండు, రెండోది అరవై ఎనిమిది.
ఒకటో నంబరు సిలికాజెల్
సగం దాకా గులాబీ రంగుకి తిరిగింది.
మార్చాలి.